కాలు నింపే మాట

ఇంగ్లీషు చదువులో నన్ను ఏడిపించినవి పెద్ద మాటలు కావు. పెద్ద మాటలకు నిఘంటువు ఉంటుంది, వెతుక్కుంటే దొరుకుతుంది. నన్ను ఏడిపించింది ఒక్క పిసరంత మాట. టీ, హెచ్, ఈ. ‘ద’. వాక్యం మొదట్లో నిలబడుతుంది, నడుమ నిలబడుతుంది, ఎక్కడపడితే అక్కడ నిలబడుతుంది. పెడితే ఎందుకు పెట్టావంటారు, తీసేస్తే ఎందుకు తీశావంటారు. నీ అర్థమేంది తల్లీ అని అడిగితే మాత్రం ఒక్కరూ చెప్పరు. ఆ మాట మూలంగా నా డిగ్రీ చదువు అడ్డం తిరిగింది. ఇంగ్లీషు సాహిత్యం చేతిదాకా వచ్చి జారిపోబోయింది. ఇప్పుడు తలచుకున్నా నాకు ముందు వచ్చేది నవ్వు కాదు, విసుగే.

నేను నాలుగో తరగతి తర్వాత బడికి పోలేదు. పచ్చకామెర్లు వచ్చి, తగ్గి, మళ్లీ తిరగబెట్టి, రెండేళ్లు మంచానికే పోయాయి. లేచేసరికి నా ఈడు వాళ్లు ఎంతో ముందుకు పోయారు. మా బాపు శామీర్‌పేట అవతల ఒక ద్రాక్షతోటకు మేస్త్రీ. ఇల్లు తోటలోనే. బడి మూడు మైళ్ల దూరం.

“చిన్న పిల్లల పక్కన కూసొని సిగ్గువడుడెందుకు? ఇంట్లనే నేను జెప్త,” అన్నాడు బాపు.

అన్నట్టే చెప్పాడు. పొద్దున తీగలకు మందు కొట్టి వచ్చి, మైలుతుత్తంతో నీలంగా మారిన వేళ్లను ఎంత కడిగినా పోక, ఆ వేళ్లతోనే నా పలక దిద్దేవాడు. ఆయన చదివింది ఏడో తరగతే. కానీ పడుచుతనంలో భజన మేళంలో తిరిగినప్పుడు ఒక ముసలి పంతులు దగ్గర పద్యాలు నేర్చుకున్నాడు. ఆ పంతులు ఎట్లా చెప్పాడో బాపు నాకూ అట్లానే చెప్పాడు. ముందు పద్యం రాగం తీసి చదవాలి. తర్వాత మాటలు విడదీయాలి. నోటుబుక్కులో ఎడమ దిక్కు మాట, నడుమ రెండు గీతలు, కుడి దిక్కు అర్థం. ప్రతిపదార్థం. చివరికి తాత్పర్యం. ఒక్క మాటను కూడా వదలకూడదు.

“దేవుని ముంగట పెట్టే పద్యం బిడ్డా. అర్థం దెల్వకుంట ఒక్క మాట పలికినా, దండం బెట్టుకుంట మొకం పక్కకు దిప్పుకున్నట్టే,” అనేవాడు.

మరి కొన్ని మాటలకు అర్థమే ఉండదు కదా, వాటినేం చేయాలి? దానికీ పంతులు దారి చూపించాడట. పద్యం పాదంలో అక్షరాలు సరిపోక కవి ఊరికే ఒక మాట వేస్తాడు. దానికి ఎదురుగా ‘పాదపూరణము’ అని రాయాలి. అంటే పాదం నింపడానికి వేసిన మాట అని. ఖాళీగా మాత్రం వదలొద్దు. ఈ పద్ధతిని నేను భక్తిగా పట్టుకున్నాను. ఇప్పటికీ పూజ దగ్గర అర్థం తెలియని మాట నోట్లోంచి రావాలంటే నాలుక ఆగుతుంది. నా బాపు నాకు ఇచ్చిన ఆస్తి అదే. ఆయనకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఇంగ్లీషు మీదికి నా మనసు పోయింది ద్రాక్షపండ్ల వల్ల. పండ్లను అట్టపెట్టెల్లో సర్దేముందు అడుగున పాత కాగితాలు పరుస్తారు. ఆ కాగితాల కట్టలు పట్నం నుంచి వచ్చేవి. సగానికి పైగా ఇంగ్లీషువే. పత్రికలు, చినిగిన పాఠ్యపుస్తకాలు, కథల పుస్తకాలు. పెట్టెలు సర్దే ఆడవాళ్లతో కూర్చుని నేను కాగితాలు పరిచేదాన్ని. పరుస్తూ చదివేదాన్ని. ఏబీసీడీలు బాపు చెప్పాడు. అట్టలూడిన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఒకటి ఆయనే ఎక్కడినుంచో తెచ్చిపెట్టాడు. మిగిలింది ప్రతిపదార్థమే. ఒక కాగితంలో ఒక పిల్ల తనకు వచ్చిన ఉత్తరం విప్పబోతుంది. అంతటితో కాగితం అయిపోయింది. తర్వాతి కాగితం ఏ పండ్ల కింద ఏ ఊరికి పోయిందో! ఆ ఉత్తరంలో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. కోపం వచ్చి, అప్పుడే అనుకున్నాను, ఎప్పటికైనా ఇంగ్లీషు కథలను చివరిదాకా ఉన్న పుస్తకాల్లో చదవాలని.

ఆ రోజుల్లోనే ‘ద’ నాకు ఎదురుపడింది. నిఘంటువు తీస్తే ‘నిర్దిష్ట ఉపపదము’ అని ఉంది. బాపుకు చూపించాను.

ఆయన కళ్లకు దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదివాడు. “నిర్దిష్టం అంటె ఎరుకే. పదం అంటె ఎరుకే. అన్ని గలిపితే ఏమయితున్నదో ఏమెరుక? పాదపూరణం అని రాయి. వాళ్ల కవులకు గూడ అక్షరాలు సరిపోవు గావచ్చు.”

“ఇది పద్యం గాదు బాపు, పేపరు. పేపర్ల పాదాలెక్కడివి?”

ఆయన నీలం వేళ్లతో తల గోక్కున్నాడు. “అది గూడ నిజమే. అయినా రాయి. ఖాళీ ఇడ్సుకుంట పోవద్దు.”

రాశాను. ఎన్నిసార్లు ‘ద’ వస్తే అన్నిసార్లు పాదపూరణము అని రాశాను. నా నోటుబుక్కుల్లో ఆ మాట రాసినన్ని సార్లు దేవుడి పేరు కూడా రాసి ఉండను.

పద్దెనిమిది నిండాక, బడికి పోనివాళ్లకు కూడా ఒక పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకుంటారని తెలిసింది. రాశాను, పాసయ్యాను. మేడ్చల్‌లో ఒక కాలేజీ గదుల్లో ఆదివారం ఆదివారం క్లాసులు. తోటలోంచి రోడ్డెక్కి, జీపుల్లో ఇరుక్కుని, మోకాళ్ల మీద కూరగాయల గంపలు మోస్తూ మేడ్చల్ చేరేదాన్ని. మొదటి ఏడాది అందరికీ ఇంగ్లీషు ఒక పేపరు ఉంటుంది. అది పాసైతేనే రెండో ఏడాదిలో ఇంగ్లీషు సాహిత్యం తీసుకోనిస్తామని మా సెంటర్‌లో చెప్పారు. పాసవకపోతే వేరే సబ్జెక్టు రాసుకోవాలి. నేను చేరిందే ఆ సాహిత్యం కోసం.

ఇంగ్లీషు చెప్పే సారు యాభై దాటినవాడు. వారమంతా ఎక్కడో పాఠాలు చెప్పి, ఆదివారం కూడా పట్నం నుంచి బస్సులో నిలబడి వచ్చేవాడు. మాట్లాడేది పుస్తకం తెలుగు. పాఠం బాగా చెప్పేవాడు, కానీ మధ్యలో ఎవరైనా అడ్డం వస్తే చేతిలో సుద్దముక్క విరిగేది. నా పక్కన కూర్చునే అమ్మాయి శామీర్‌పేటదే. వాళ్ల అబ్బాది సైకిళ్ల దుకాణం. ఇంట్లో ఉర్దూ, నాతో తెలుగు, కోపమొస్తే రెండూ. ఆమె దగ్గర గైడు ఉండేది. గైడే ఆమె చదువు.

ఆ ఏడాది మాకొక చిన్న కవిత ఉండేది. ఒంటరిగా ఉండే ఒక పల్లెటూరి ఆవిడ రోజూ పొద్దువాలే వేళ పొలం చివరిదాకా నడిచిపోయి గేటు వేసి వస్తుంది. ఆవులను అమ్మేసి ఏడాది దాటింది. లోపల కాపాడడానికి ఏమీ లేదు. అయినా పోతుంది, వేస్తుంది, వస్తుంది. కవిత అంతే. మొదటి లైనే ‘ద గేట్’ అని మొదలవుతుంది.

నేను చెయ్యెత్తాను. “సార్, గా గేటు ఏ గేటు?”

“ఏ గేటు ఏంటమ్మా? పద్యంలో ఉన్న గేటు.”

“గంతకు ముందు గేటు ముచ్చట జెప్పలే గద సార్. మొదటి మాటే గేటు. మరి దాని ముంగట ‘ద’ ఎందుకు పెట్టిండు? ‘ద’ అంటే ఏంది సార్?”

సుద్దముక్క విరిగింది. “‘ద’ అంటే ‘ద’! ఇంగ్లీషులో అంతే. ఇంకోటి, ‘గా గేటు’ కాదు, ‘ఆ గేటు’. ముందు తెలుగు సరిగ్గా మాట్లాడడం నేర్చుకో తల్లీ, తర్వాత ఇంగ్లీషు సంగతి చూద్దాం.”

క్లాసంతా నవ్వింది. నవ్విన వాళ్లలో ముప్పావు మంది ఇంటికి పోయి ‘గా’ అనే మాట్లాడతారు. అయినా నవ్వారు. ఆ రోజు నుంచి మేడ్చల్‌లో దిగగానే నేను ‘గా’ను జీపులోనే వదిలేసి క్లాసుకు పోయేదాన్ని.

పరీక్షలకు ముందు సారు సెంటర్‌లో ఒక టెస్టు పెట్టాడు. ఆ కవితలో రెండు లైన్లిచ్చి వివరించమన్నాడు. వివరించమంటే నాకు తెలిసిన వివరణ ఒక్కటే. మాటలు విడదీశాను. ఎడమ దిక్కు మాట, నడుమ రెండు గీతలు, కుడి దిక్కు అర్థం, అన్నీ ఇంగ్లీషులోనే. ‘ద’ దగ్గర ఆగాను. ఖాళీగా వదలొద్దు. పాదపూరణము అన్నది ఇంగ్లీషులో ఎట్లా? పూరణం అంటే నింపడం. పాదం అంటే కాలు. రాసేశాను. తృప్తిగా దేవుడికి దండం పెట్టుకుని కాగితం ఇచ్చి వచ్చాను.

తర్వాతి ఆదివారం సారు నా కాగితం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

“‘ద’ మీన్స్, ఫర్ ఫిల్లింగ్ ద లెగ్,” అని చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. “కాలు నింపడానికా? ఎవరి కాలమ్మా? గేటు కాలా?”

క్లాసు బల్లలు చరిచి నవ్వింది. పక్కనున్న నా స్నేహితురాలు కూడా దుపట్టా నోట్లో కుక్కుకుంది. నేను లేచి నిలబడి, అది పాదపూరణం సార్ అని చెప్పబోయాను. ఆ నవ్వుల్లో నా మాట నాకే వినబడలేదు.

“ఇంకో విచిత్రం చూడండి,” అన్నాడు సారు. “‘ద’కు అర్థం కాలు నింపడం అని రాసిన వాక్యంలోనే లెగ్ ముందు ‘ద’ పెట్టింది. అదీ సరైన చోట!”

అది మెచ్చుకోలో వెక్కిరింపో నాకు అర్థం కాలేదు. ఇంటికొచ్చేదాకా జీపులో కళ్లు తుడుచుకుంటూనే వచ్చాను. ఆ నెలలోనే పెద్ద పరీక్షలు జరిగాయి. మిగతా పేపర్లన్నీ గట్టెక్కాయి గానీ ఇంగ్లీషు ఆగిపోయింది. ఫెయిల్.

సారు నన్ను వరండాలోకి పిలిచి మెత్తగానే చెప్పాడు. “చూడమ్మా, నీకు పద్యం మీద ప్రేమ ఉంది. కాదనను. తెలుగు సాహిత్యం తీసుకో, హాయిగా పాసవుతావు. సప్లిమెంటరీ రాయి, వద్దనను. అదీ పోతే మాత్రం ఫారంలో తెలుగు అని రాసేస్తాను. సరేనా?”

సరే అనకుండా సప్లిమెంటరీ ఎప్పుడుంటుందని అడిగాను. తెలుగు నాకు ఇష్టం లేక కాదు. అది ఇంట్లో ఉంది, బాపు ఇచ్చాడు, ఎక్కడికీ పోదు. ఇంగ్లీషును గుమ్మం దగ్గరే వదిలేసి వెనక్కి తిరగాలంటేనే ప్రాణం ఒప్పలేదు.

ఇంట్లో చెప్పాను. అంతా చెప్పాను, కాలు సంగతితో సహా. అవ్వ, అంటే బాపు తల్లి, నవ్వింది. బాపు నవ్వలేదు. “నేనే ఖరాబు జేసిన్నా బిడ్డా?” అన్నాడు. “బడికి దోలితే గిట్ల గాకపోవు గద.”

ఆ మాట నాకు ఫెయిలైనదాని కంటే ఎక్కువ గుచ్చుకుంది. ఇగ పాసవడం నా ఒక్కదాని పని కాదు. ఇది పోతే ఆయన నాకు చెప్పిన ఇన్నేళ్ల చదువు తప్పని ఆయనే అనుకుంటాడు.

నా స్నేహితురాలు మొదటిసారే పాసయింది. గైడు నా ఒళ్లో పడేసి, “ఇత్తా దిమాగ్ కాయ్కు ఖరాబ్ కర్లేరీ? బుర్ర గింత పాడు జేసుకునుడెందుకు? బట్టీ గొట్టు, రాసెయ్యి, మర్చిపో. నువ్వు ఇంగ్లీషును నమాజ్ లెక్క సదువుతున్నవ్,” అంది.

“నమాజ్ లెక్క సదువుతె తప్పేంది?”

“నమాజ్‌కు మార్కులు ఎయ్యరు గద!”

ఆమె మాట విని బట్టీ పట్టాలని చూశాను. ‘కవి ప్రకృతిని మానవ హృదయంతో మేళవించెను’ అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి గైడులో ప్రతి కవిత కింద ఉంది. గేటు కవిత కింద కూడా ఉంది. అందులో ప్రకృతి ఎక్కడుంది? గేటు ఉంది, ఆవిడ ఉంది, అమ్మేసిన ఆవులున్నాయి. అర్థం తెలియక పలకడం పాపమనుకున్న నేను, అర్థం తప్పని తెలిసి కూడా పలకడం మొదలుపెట్టాను. మూడు రోజులు పట్టి వదిలేశాను.

వ్యాకరణం పుస్తకం పట్టాను. అది ఇంకా మేలు! నదుల పేర్ల ముందు ‘ద’ పెట్టాలట, చెరువుల పేర్ల ముందు పెట్టకూడదట. అంటే మూసీకి ఉంటుంది, మా శామీర్‌పేట చెరువుకు ఉండదు. మూసీ ఏం పుణ్యం చేసింది? దాని నీళ్లు చూసినవాళ్లెవరైనా మా చెరువును కాదని దానికి ఇస్తారా? సూర్యుడికి ఉంటుంది, చంద్రుడికి ఉంటుంది, శుక్రుడికి ఉండదు. బడికి పోయేది చదువుకోవడానికైతే ఉండదు, చూడడానికి పోతే ఉంటుంది. నియమం చెప్తారు, కింద నాలుగు మినహాయింపులు చెప్తారు. మినహాయింపులు చదివాక నియమం మీద నమ్మకం పోతుంది. పుస్తకం మూసి, తెరిచి, మళ్లీ మూశాను. ఒకరోజు గోడకు కొట్టాను కూడా. పుస్తకం సరస్వతి కదా. వెంటనే తీసి కళ్లకద్దుకున్నాను. కళ్లకద్దుకున్నా కోపం తగ్గలేదు.

పరీక్ష ఇంకా పది రోజులుందనగా ఒక సాయంత్రం. నేను అరుగు మీద కూర్చుని ఖాళీలు పూరించడం చేస్తున్నాను. చేసినవాటిలో సగం తప్పులు. అవ్వ పొయ్యి దగ్గర జొన్నపిండి కలుపుతోంది.

“బిడ్డా, పొద్దుగూకుతాంది. పోయి గా గేటేసి రా.”

“పోత అవ్వా. జరాగు.”

“జరాగంటె మేకలు ఆగుతయా? తీగలన్నీ మేసిపోతయి. జల్దీ పో!”

విసుక్కుంటూ లేచాను. మా తోటకు రెండు గేట్లు. ఒకటి రోడ్డు దిక్కు, పెద్దది. రెండోది వెనక, చెరువు దిక్కు, తుప్పు పట్టిన చిన్నది. నేను పందిళ్ల కింద వంగి నడుచుకుంటూ నేరుగా చెరువు దిక్కు గేటు దగ్గరికి పోయాను. గడియ పెట్టాను. తిరిగి నాలుగడుగులు వేశాను. ఆగాను.

ఏ గేటు అని నేను అవ్వను అడగలేదు.

అవ్వ చెప్పలేదు. నేను అడగలేదు. గా గేటు అంది, వచ్చాను. ఏ గేటో ఆమెకు తెలుసు, ఆమెకు తెలుసని నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకు తెలుసు. ‘ఒక గేటు ఏసి రా’ అని అంటే నవ్వేదాన్ని. అవ్వా, నీకు పెద్దతనం మీద వడ్డది అనేదాన్ని. ఉత్త ‘గేటు ఏసి రా’ అంటే ఏ గేటని అడిగేదాన్నేమో. ‘గా’ అంది కాబట్టి అడగలేదు.

మళ్లీ గేటు దగ్గరికి పోయి పట్టుకుని నిలబడ్డాను. నిజం చెప్తున్నాను, ఒళ్లు ఝల్లుమంది. గా గేటు. ద గేట్. ఆ కవి గేటును మనకు ముందు పరిచయం చేయలేదని కదా నేను క్లాసులో పోట్లాడింది? చేయడు. ఎందుకు చేస్తాడు? ఆవిడ ఇంట్లో మనల్ని కూర్చోబెట్టాడు. ఆ ఇంటివాళ్లకు గా గేటు ఏదో తెలుసు. ఒక్క ‘గా’తో కవి మనల్ని ఇంటివాళ్లను చేశాడు. ఇంకో సంగతి తట్టేసరికి నా మీద నాకే కోపం వచ్చింది. సారును నేను అడిగిందేమిటి? ‘గా గేటు ఏ గేటు?’ అర్థం నా నోట్లోనే ఉంది. సారు దాన్ని దిద్దాడు. నేను దాన్ని జీపులో వదిలేశాను.

‘ఆ గేటు’ అన్నా అదే పని జరుగుతుంది కదా అనొచ్చు. జరుగుతుంది. కానీ నిఘంటువు ‘ఆ’ను ఎప్పుడో ‘దట్’ అనే మాటకు ఇచ్చేసింది. ‘ఈ’ని ‘దిస్’కు ఇచ్చేసింది. మా అవ్వ ‘గా’ మాత్రం ఏ నిఘంటువులోనూ లేదు. ఎవరికీ ఇవ్వలేదు కాబట్టి నాకు ఖాళీగా దొరికింది.

ఇంటికి పరుగెత్తి ఖాళీలు మళ్లీ పూరించాను. ‘గా’ పట్టిన చోట ‘ద’ పెట్టాను, ‘ఒక’ పట్టిన చోట ‘ఎ’ పెట్టాను, ఏదీ పట్టని చోట వదిలేశాను. ఇరవైలో పదిహేడు. ఆ మూడూ మూసీ లాంటివే, మొండివి. బాపు వచ్చాక చెప్పాను. ఆయన నా పాత నోటుబుక్కు తీసి, మొట్టమొదటి పేజీలో ‘ద = పాదపూరణము’ అన్నచోట పాదపూరణాన్ని మెల్లగా కొట్టేసి, నీలం వేలితో పెన్ను పట్టుకుని ‘గా’ అని రాశాడు.

“మా అవ్వకు ఇంగ్లీషొచ్చునని ఇన్నొద్దులు దెల్వకపాయె,” అన్నాడు.

“ఏందిరా, నన్ను అంటున్నవ్?” అంది అవ్వ లోపల్నుంచి.

సప్లిమెంటరీలో గేటు కవిత వచ్చింది. రెండు లైన్లిచ్చి వివరించమన్నారు. ప్రతిపదార్థం రాయలేదు. చెయ్యి రాయబోయింది, ఆపాను. గైడు వాక్యం కూడా రాయలేదు. ఈ గేటు ఏదో చెప్పకుండానే కవి మొదలుపెట్టాడని, మా అవ్వ సాయంత్రం నన్ను గేటు వేసి రమ్మన్నప్పుడు కూడా ఏదో చెప్పదని, చెప్పనక్కరలేని వాళ్లకే అట్లా చెప్తారని, అట్లా చెప్పడానికి ఇంట్లో ఇంకెవరూ లేని ఆవిడ తనకు తానే చెప్పుకుని పోతోందని నాకొచ్చిన ఇంగ్లీషులో రాశాను. బయటికి వచ్చి స్నేహితురాలికి చెప్తే నెత్తి కొట్టుకుంది.

“పరీక్షల మీ అవ్వను రాసినవా? గయా! నీ ఇంగ్లీషు గయా! పేపరు దిద్దెటోడు మీ అవ్వను ఎరుగునా?”

ఆ మాటకు నాకూ భయం పట్టుకుంది. ఫలితాలు వచ్చేదాకా నెలన్నర ఒక్క పూట అన్నం సయించలేదు. ఏం మొక్కాలో తెలియక, పాస్ చేయించమని కాదు, బాపు మనసు విరగనియ్యొద్దని మొక్కాను.

పాసయ్యాను. గొప్ప మార్కులు కావు. గట్టెక్కే మార్కులు. సారు నోటీసు బోర్డు చూసి వచ్చి, ఫారం ముందు పెట్టుకుని, “ఏం చేశావమ్మా?” అన్నాడు.

చెప్పాను. ‘గా’ అని సారు ముందే గట్టిగా అన్నాను. సారు చేతిలో ఆ రోజు సుద్దముక్క లేదు. పెన్ను మూత పెడుతూ తీస్తూ విన్నాడు. రెండుసార్లు తనలో తాను, “గా గేటు. గా గేటు,” అని పలికి చూసుకున్నాడు. ఆయన నోట్లో అది కొత్త చెప్పులాగా కరిచింది.

“ముప్పై ఏళ్లు ‘ద అంటే ద’ అని చెప్పుకొచ్చాను,” అన్నాడు. ఫారంలో ఇంగ్లీషు సాహిత్యం అని రాసి సంతకం చేశాడు. నేను వంగి కాళ్లకు దండం పెడితే, “కాలు నింపావులే, లే,” అన్నాడు. అప్పుడు మాత్రం ఇద్దరం నవ్వాం.

డిగ్రీ అయ్యింది. కథలు చివరిదాకా చదివాను. ఒక చిన్న ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం దొరికింది. తుర్కపల్లి ల్యాబుల్లో పనిచేసేవాళ్ల పిల్లలు, ఊళ్ల పిల్లలు కలిసి కూర్చునే బడి. ఎవరైనా ‘ద’ అంటే ఏంది టీచర్ అని అడిగితే నా సుద్దముక్క విరగదు. గా సుద్దముక్క దేపో అంటాను, తెచ్చాక అర్థం చెప్తాను.

ఉద్యోగం దొరికిన వారం సారుకు కృతజ్ఞతగా ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాశాను. మూడుసార్లు చిత్తు రాసి, నాలుగోసారి మంచి కాగితం మీద దించాను. ఈ మేలు మీది, మా బాపుది, అన్నిటికీ మించి ఆ దేవుడిది అని చివర రాశాను. పది రోజులకు నా ఉత్తరమే నాకు తిరిగి వచ్చింది. పైన ‘చాలా సంతోషం తల్లీ’ అని ఉంది. కింద చివరి వాక్యంలో ఒక మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్నా. దేవుడి ముందు నేను ‘ద’ పెట్టాను. పెట్టకూడదట.

నా కోపం చూడాలి! సూర్యుడికి ఉంది, మూసీకి ఉంది, తుప్పు పట్టిన గేటుకు ఉంది, దేవుడికి లేదా? ఉత్తరం పట్టుకుని అవ్వ దగ్గరికి పోయి మొరపెట్టుకున్నాను. అవ్వకు అప్పటికి చూపు ఆనడం లేదు. అంతా విని, పైకి చెయ్యి చూపింది.

“గాయనకా? గాయనకు గా లేదంటరా? మరి ఏమని పిలుస్తరు గాయనను?”

మా అవ్వ ఎన్నడూ దేవుడు అని అనగా వినలేదు. గాయన చూస్తడు, గాయన ఇస్తడు, గాయనున్నడు. ఏ ఆయన అని మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

సారు దిద్దింది సరైనదే. పిల్లలకు అట్లాగే చెప్తాను, పరీక్షలో ‘ద’ పెడితే ఒక మార్కు కోసేస్తాను కూడా. పొద్దున దీపం పెట్టి కళ్లు మూసుకున్నప్పుడు మాత్రం గాయన అనే అంటాను.